కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు, బావురుపిల్లులు: వాటిని ఇబ్బంది పెట్టకుండా చూడటం, ఫొటో తీయడం ఎలా?

కాకినాడ నుంచి యానాం వైపు 216 నంబరు జాతీయ రహదారి మీద సుమారు 20 కిలోమీటర్లు వెళితే కోరింగ అభయారణ్యం వస్తుంది. గౌతమీ గోదావరి, కోరింగ ఏరు, గాడేరు కలిసి అల్లిన మడ అడవి ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. మనవాళ్లలో ఎక్కువమంది ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తారు. చెక్క వంతెన మీద నాలుగు సెల్ఫీలు దిగి, బోటు ఎక్కి ఒక చుట్టు చుట్టి, "కోతులు తప్ప ఏం లేవండీ ఇక్కడ" అంటూ వెళ్లిపోతారు.

ఆ వేళకి నిజంగానే ఏం ఉండవు. ఎండ నెత్తిన ఉంటుంది, ఏట్లో ఇంజన్ల మోత, వంతెన మీద పిల్లల కేకలు. నీటికుక్కలు ఆ పాటికి ఏ తిల్ల చెట్ల కిందో పడుకుని ఉంటాయి. బావురుపిల్లి అసలు రాత్రి మనిషి. అయినా అసలు చిక్కు ఎండతో కాదు, నీటితో. ఇక్కడి జంతువులు పొద్దు ఎంత చూసుకుంటాయో అంతకంటే ఎక్కువగా పోటు (నీరు ఎక్కడం), పాటు (నీరు దిగడం) చూసుకుంటాయి. ఆ లెక్క పట్టుకుని, ఒకచోట కదలకుండా కూర్చోగలిగితే మామూలు కెమెరాతో కూడా మంచి ఫొటో వస్తుంది. వెంటపడితే ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా తోకలే పడతాయి.

1. చూడబోయేది ఎవరినో ముందు తెలుసుకోండి

మన డెల్టాలో ఉండే నీటికుక్క నున్నటి బొచ్చు జాతి. బరువు 7 నుంచి 11 కిలోల దాకా ఉంటుంది. తోక చివరికంటా కాస్త చదునుగా, కాలివేళ్ల మధ్య పొర, మొద్దు మూతి. ఒంటరిగా తిరగడం తక్కువ, కుటుంబమంతా కలిసే వస్తుంది. గుంపుగా వరుస కట్టి చేపలను ఒడ్డు వైపు తరమడం వీటి అలవాటు. పీతలు, రొయ్యలు కూడా తింటాయి గానీ చేపే ప్రధానం. మనకు కలిసొచ్చే విషయం ఏమిటంటే ఇవి పగటిపూట తిరుగుతాయి. తెల్లవారిన మొదటి రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దువాలే ముందు బాగా చురుగ్గా ఉంటాయి. చలికాలంలో చాలా కుటుంబాలకు చిన్న పిల్లలుంటాయి. మనం ఫొటోలకు బయలుదేరే సీజన్, వాటి పురిటి సీజన్ దాదాపు ఒకటేనన్న సంగతి మనసులో పెట్టుకోవాలి. చర్మం కోసం వేట, పెంచుకోవడం కోసం పిల్లల వ్యాపారం ఎక్కువ కావడంతో 2019లో ఈ జాతిని అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చారు.

బావురుపిల్లి ఇంటి పిల్లికి సుమారు రెండింతలుంటుంది. ఆడవి 5 కిలోల నుంచి మొదలైతే, పెద్ద మగవి 16 కిలోల దాకా తూగుతాయి. బూడిద రంగు ఒళ్లు, దాని మీద వరుసగా నల్లటి చుక్కలు, పొట్టి కాళ్లు, పొట్టి తోక. చెవుల వెనక తెల్ల మచ్చ ఉంటుంది. నీళ్లలో మునిగి చేపను పట్టే పిల్లి ఇది. ఊళ్లలో దీన్ని చూసి చిరుతపులి వచ్చిందని హడావిడి పడుతుంటారు. చిరుతకు ఒంటి మీద ఉండేవి గుండ్రటి పూల లాంటి మచ్చలు, తోక ఒంటి పొడవులో సగానికి పైనే. ఈ రెండూ చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

నక్కలు సరే, ఎలాగూ కనిపిస్తాయి. ఎలుగుబంటి ఫొటో కోసమైతే డెల్టాకి రావద్దు, దాని దారి ఏజెన్సీ కొండల వైపు.

2. అనుమతి

అభయారణ్యంలోకి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 28వ సెక్షన్ కింద అనుమతి ఇవ్వగల పనుల్లో ఫొటోగ్రఫీ కూడా ఉంది. 2022 సవరణతో దానికి ఒక షరతు చేర్చారు: ఆవాసాన్ని మార్చకూడదు, జంతువులకు చెడు జరగకూడదు. అంటే అడ్డొచ్చిన మడ కొమ్మను విరిచి ఫ్రేము సర్దుకోవడం కూడా తప్పే. ఇంకొకటి చాలామందికి తెలియదు. ఆ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. జంతువును తరమడం, ఎర వేయడం కూడా ఆ నిర్వచనం కిందికే వస్తాయి. నీటికుక్కల గుంపు వెనక పడవను ఉరికించడం, బావురుపిల్లి కోసం గట్టు మీద చేపలు పరచడం సరదా పనులు కావు.

సందర్శకుల వేళలు పోటుపాట్లను బట్టి పెట్టినవి కావు. మీకు కావలసింది తెల్లవారుజాము కాబట్టి, రేంజ్ ఆఫీసులో ముందే మాట్లాడి ఆ వేళకి అనుమతి దొరుకుతుందేమో కనుక్కోండి. దొరక్కపోతే గేటు తీసిన వెంటనే వంతెన మీద ఉండే మొదటి మనిషి మీరే కావాలి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

3. తారీఖు ఎంచుకోవడం

ఈ పనిలో సగం ఇక్కడే తేలిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరు, డిసెంబరుల్లో తుఫాను హెచ్చరిక ఏదైనా ఉంటే మాత్రం పెట్టె సర్దొద్దు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద నీరు ఎర్రగా దూకుతూ వస్తుంది, చిన్న పడవలకు మంచిది కాదు.

నెల కుదిరాక రోజు చూడాలి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటు నుంచి మరో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ప్రతి రోజూ నిన్నటి కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా నీరు తీస్తుంది. ఇవాళ పొద్దున్న 6 గంటలకు నీరు అడుగంటితే రేపు 6:50కి, ఎల్లుండి 7:40కి, ఆ మర్నాడు 8:30కి. మనకు కావలసింది పొద్దున్న ఏడున్నర, తొమ్మిదిన్నర మధ్య నీరు పూర్తిగా తీసే రోజులు. అప్పుడు తెల్లారేసరికి పాటు మొదలై ఉంటుంది, లేత ఎండ ఉన్నంతసేపూ నీరు దిగుతూనే ఉంటుంది. అలాంటి రోజులు పక్షానికి రెండు మూడు వస్తాయి. ఒకసారి రోజు కుదిరిందంటే మళ్లీ దాదాపు 15 రోజులకు అదే వేళ తిరిగొస్తుంది. క్యాలెండర్‌లో తిథి పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుంటే సీజన్ అంతటికీ లెక్క తయారవుతుంది. చేపల వేటకు వెళ్లేవాళ్లు తరతరాలుగా చేస్తున్న లెక్క ఇదే, వాళ్లు తిథి చెబితే నీటి వేళ నోటికి చెప్పేస్తారు.

కాకినాడ పోటుపాట్ల వేళలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వాళ్ల సమాచారంలో దొరుకుతాయి. అది తీరానికి చెప్పిన వేళ. ఏటి లోపలికి పోయేకొద్దీ నీరు తీయడం ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమన్నది ఆ కాలువ మీద పడవ నడిపే సరంగునే అడగాలి.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీటి మట్టం బాగా మారుతుంది, అష్టమి ప్రాంతంలో కదలిక తక్కువ. పెద్ద పాటు, పొద్దున్న వేళ రెండూ ఒకే రోజు కుదరకపోవచ్చు. అలాంటప్పుడు నేనైతే వేళకే ఓటేస్తాను.

పాటే ఎందుకంటే, నీరు దిగుతున్నప్పుడు చిన్న పాయల్లోని చేపలన్నీ పెద్ద కాలువలోకి రావాలి. ఆ పాయల నోళ్ల దగ్గర నీటికుక్కలు కాపు కాస్తాయి. బురద బయటపడుతుంది, పీతలు బొరియల్లోంచి పైకి వస్తాయి, కొంగలు వాలతాయి. నల్లతల లకుముకి వేర్ల మీద కూర్చుని కిందికే చూస్తుంటుంది. పోటు మీద వెళితే ఇదంతా ఆకుల వెనక, వేర్ల లోపల జరుగుతుంది, మనకు నీళ్లే కనిపిస్తాయి.

4. పడవ, సరంగు

లెన్స్ కంటే ముందు సరంగును చూసుకోండి. ఫలానా బోటు కొత్తది, సీట్లు మెత్తన అని చూడకండి. ఆ కాలువలో వల వేసిన అనుభవం ఉన్న మనిషి, గెడ వేయడం వచ్చిన మనిషి కావాలి. పడవ చిన్నదైతే మంచిది. నలుగురికి మించి ఎక్కొద్దు.

బయలుదేరే ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. "బాబాయ్, మనకి నీటికుక్కలు కనబడినా, కనబడకపోయినా డబ్బులు ఇవే. దగ్గరికి తీసుకెళ్లక్కర్లేదు. నేను చెప్పకుండా ఇంజన్ వేయొద్దు." ఈ మూడు మాటలూ ఒడ్డునే అయిపోవాలి. ఎందుకంటే మనవాళ్లలో ఒక పాడు అలవాటు ఉంది. జంతువు కనబడగానే "ఇంకొంచెం, ఇంకొంచెం దగ్గరికి పోనీ" అంటారు, ఫొటో బాగా పడితే దిగేటప్పుడు వంద, రెండొందలు చేతిలో పెడతారు. సరంగు అందులోంచి ఏం నేర్చుకుంటాడు? దగ్గరికి తీసుకెళితే డబ్బులని నేర్చుకుంటాడు. మర్నాడు వచ్చిన వాళ్లను అడక్కుండానే ఇంకా దగ్గరికి తీసుకెళతాడు. తప్పు ఆయనది కాదు. బహుమతి ఇవ్వాలనుకుంటే పడవ ఆపి ఓపిగ్గా కూర్చున్నందుకు ఇవ్వండి, ఆ సంగతి నోటితో చెప్పి మరీ ఇవ్వండి: "ఇవాళ ఇంజన్ వేయకుండా నిలబెట్టారు చూడండి, అందుకండీ ఇది."

పాయ నోరు 100 మీటర్ల దూరంలో ఉండగానే ఇంజన్ ఆపించాలి. అక్కడి నుంచి తెడ్డు, గెడ. జంతువు ఎక్కడుందో చూసి అటు వెళ్లడం కాకుండా, అవి రాబోయే చోటికి ముందే చేరి ఎదుటి ఒడ్డున పడవను నిలపాలి. పాయ నోటికి అడ్డంగా మాత్రం నిలపొద్దు, అది వాటి రాకపోకల దారి. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా ఒడ్డు ఎంచుకోండి. ఇక కదలడం లేదు. తక్కువలో తక్కువ గంట.

ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. పాటు మీద చిన్న పాయలోకి పడవతో దూరితే నీరు దిగిపోయి బురదలో కూర్చుండిపోతారు, మళ్లీ పోటు వచ్చేదాకా గంటల తరబడి ఎండలో. బురదలోకి దిగి నెడదామనుకుంటే నడుం దాకా దిగబడుతుంది. అడుగున మడ చెట్ల శ్వాస వేర్లు మేకుల్లా నిలబడి ఉంటాయి. పెద్ద కాలువ వదలొద్దు. లైఫ్ జాకెట్ ఫొటోలో బాగుండదని విప్పకండి.

తిల్ల చెట్టు దగ్గర కూడా జాగ్రత్త. ఆకు తుంచినా, కొమ్మ విరిగినా తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే భరించలేని మంట, కొంతసేపు చూపు కూడా పోతుంది. పడవ ఆపడానికి చేతికందిన కొమ్మ పట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు ఆ అలవాటు మానుకోవాలి. పడితే మంచినీళ్లతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

బట్టలు ఆకుపచ్చ, మట్టి రంగువి చాలు. సెంటు వద్దు. టోపీ, మంచినీళ్లు, దోమల మందు. తిండి ఒడ్డునే కానిచ్చేయండి. పడవలో చిప్స్ ప్యాకెట్ విప్పితే ముందు కోతులు, తర్వాత ఏట్లో ప్లాస్టిక్.

5. బురద చదవడం

జంతువు కనబడని రోజు కూడా బురద ఖాళీగా ఉండదు. పాటు తీసిన గంటలో ఒడ్డు బురద మీద పడ్డ అడుగు అప్పటిదే, ఎందుకంటే అంతకు ముందు అక్కడ నీళ్లున్నాయి. ఏ దినపత్రికా ఇంత తాజాగా ఉండదు.

నీటికుక్క అడుగులో ఐదు వేళ్లు పడతాయి, మెత్తటి బురదైతే వేళ్ల మధ్య పొర గుర్తు కూడా కనిపిస్తుంది. పక్కనే తోక ఈడ్చిన గీత. పిల్లి జాతికైతే నాలుగే వేళ్లు, గుండ్రటి అడుగు. మామూలుగా పిల్లి అడుగులో గోళ్లు పడవు గానీ బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి పోవు కాబట్టి బురదలో ఒక్కోసారి పడతాయి. అది చూసి నక్క అనుకోవద్దు. నక్క అడుగు కోలగా ఉంటుంది, గోళ్లు ఎప్పుడూ స్పష్టంగా ఉంటాయి.

ఒడ్డున కాస్త ఎత్తుగా ఉన్న చోట చేప పొలుసులు, ముళ్లు నిండిన రెట్టల కుప్ప, ముక్కు మూసుకునేంత నీచు వాసన ఉంటే అది నీటికుక్కల కుటుంబం వాడే చోటు. పదే పదే అక్కడికే వస్తాయి, గడ్డి మీద దొర్లి ఒళ్లు ఆరబెట్టుకుంటాయి. ఇలాంటి చోటు దొరికితే మీకు పంట పండినట్టే, అయితే దాని దగ్గరికి నడిచి వెళ్లొద్దు. ఎదుటి ఒడ్డు నుంచి చూడండి.

గట్టులో బొరియ, దాని ముందు బురద నున్నగా అరిగిపోయి ఉంటే లోపల పిల్లలుండొచ్చు. అక్కడ ఆగొద్దు. ఫొటో కూడా వద్దు. పడవ శబ్దం రోజూ వినబడితే తల్లి పిల్లలను నోట కరుచుకుని వేరే చోటికి మార్చాల్సి వస్తుంది, ఆ దారిలో వాటికి ఏదైనా జరగొచ్చు.

6. కనబడిన తర్వాత

ముందు కెమెరా ఎత్తకండి. ఒక నిమిషం చూడండి. అవి ఏం చేస్తున్నాయి? చేప తింటున్నాయా, ఆడుకుంటున్నాయా, ఎటు వెళుతున్నాయి? అవి చేస్తున్న పని మీవల్ల మారకపోతే మీరు సరైన దూరంలో ఉన్నట్టు. మారితే ఎక్కువ దగ్గరికి వచ్చేసినట్టు. మీటర్లలో చెప్పమంటే నేను 50కి తగ్గొద్దంటాను, పిల్లలుంటే ఇంకా ఎక్కువ. వాటంతట అవే దగ్గరికి ఈదుకొస్తే అది వేరు, అప్పుడు కూడా మీరు కదలొద్దు.

నీటికుక్క ఇబ్బంది పడుతోందని తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి. నీళ్లలో మెడ నిటారుగా ఎత్తి మిమ్మల్నే చూస్తుంది. ముక్కుతో గట్టిగా చీదినట్టు శబ్దం చేస్తుంది. విడివిడిగా ఉన్న గుంపు ఒక్కసారి దగ్గరికి చేరుతుంది. నోట్లో చేప వదిలేసి మునుగుతుంది. మొదటి గుర్తు దగ్గరే మీరు ఆగాలి, రెండోది కనబడితే నెమ్మదిగా వెనక్కి గెడ వేయించాలి. అన్నీ మీ వైపు చూస్తున్న ఫొటో చాలామందికి గొప్పగా అనిపిస్తుంది, షేర్లు కూడా బాగా వస్తాయి. నాకు మాత్రం దాంట్లో ఆగిపోయిన భోజనమే కనిపిస్తుంది.

మనిషి ఎప్పుడూ ఒకే చోట, ఒకేలా ఉంటే జంతువు అతన్ని పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని బాగా వాడుకున్నది అలాస్కాలో. కాట్మై జాతీయ పార్కులో బ్రూక్స్ జలపాతం దగ్గర జులైలో సాల్మన్ చేపలు ఏటికి ఎదురెక్కుతుంటే గోధుమ రంగు ఎలుగుబంట్లు వచ్చి పట్టుకుంటాయి. జనం ఎత్తు మీద కట్టిన చెక్క వేదికల నుంచి చూస్తారు. వేదిక దిగితే ఎలుగుకు కనీసం 50 గజాల దూరం పాటించాలి. మెక్‌నీల్ నది దగ్గరైతే ఇంకా కట్టుదిట్టం, రోజుకు పదిమందికే లాటరీ మీద అనుమతి, వెంట ఉద్యోగులు ఉంటారు, రోజూ అదే దారి, అదే చోటు. అంత పెద్ద జంతువు మనుషుల పక్కనుంచే చేప నోట పెట్టుకుని నడిచిపోతుంది. మన దగ్గర కోరింగ చెక్క వంతెన కూడా అలాంటిదే కావచ్చు, జనం దాని మీద అరవకుండా నడిస్తే. వంతెన దిగి బురదలోకి వెళ్లే మనిషి ఆ నమ్మకాన్ని పాడు చేస్తాడు.

ఒక గుంపు దగ్గర అరగంట చాలు. అప్పటికే వేరే పడవ ఉంటే మీరు వెళ్లొద్దు. రెండు పడవలు రెండు వైపులా నిలిస్తే జంతువుకు దారి మూసినట్టవుతుంది.

వల వేస్తున్నవాళ్లు కనబడితే ముందు దారి వాళ్లది. నీటికుక్క వల చింపి చేప తినేస్తుందని వాళ్లకు కోపం ఉంటుంది, వల ఖరీదు మనం కట్టం కదా. వాళ్ల ముందు "ఎంత ముద్దుగా ఉన్నాయో" అని మొదలెట్టకండి. ఏ పాయలో ఎప్పుడు చూశారో, ఎన్ని ఉన్నాయో అడగండి. పుస్తకాల్లో దొరకనివి చాలా చెబుతారు.

7. కెమెరా

400 నుంచి 600 మిల్లీమీటర్ల దాకా వెళ్లే జూమ్ లెన్స్ ఉంటే చాలు. పడవలో ట్రైపాడ్ దండగ, ఇంజన్ ఆపినా నీటి ఊపు కాళ్లలోంచి ఎక్కుతుంది. ఒక గుడ్డ సంచిలో బియ్యమో, పప్పో పోసి పడవ అంచు మీద పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి. కూర్చునే తీయండి, పడవ అంచు ఎత్తు నుంచి తీస్తే జంతువు కంటికి సమానంగా వస్తుంది. నిలబడితే మీ ఆకారం ఆకాశం మీద పడి వాటికి భయం, పైనుంచి తీసిన ఫొటో కూడా చప్పగా ఉంటుంది.

షటర్ వేగం సెకనుకు వెయ్యో వంతు గానీ అంతకంటే వేగంగా గానీ పెట్టండి. నీటికుక్క తల విదిలిస్తే నీటి చుక్కలు చెదిరే క్షణం దొరకాలంటే 1600వ వంతు కావాలి. తెల్లవారుజామున వెలుతురు చాలదు కాబట్టి ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే తీవ్రత) 1600, 3200 దాకా వెళ్లనివ్వండి. ఫొటో గింజలు గింజలుగా కనిపిస్తోందని బాధపడొద్దు, కదిలిపోయిన ఫొటో కంటే అది నయం. తడిసిన బొచ్చు నల్లగా, తడి బురద అద్దంలా మెరుస్తూ ఉంటుంది. కెమెరా ఈ రెండింటి మధ్య తికమక పడి బురదను తెల్లగా కాల్చేస్తుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు నీడలు ఎంతున్నాయో చూపే గ్రాఫు) చూసుకుంటూ ఎక్స్‌పోజర్‌ను కాస్త తగ్గించి తీయండి, బొచ్చులోని వివరం తర్వాత కంప్యూటర్‌లో పైకి తేవచ్చు. కాలిపోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు. నిశ్శబ్ద షటర్ ఉంటే వేయండి. ఫ్లాష్ వద్దు. ఆటోఫోకస్ బీప్ శబ్దం ఆపడం చాలామంది మర్చిపోతారు.

దగ్గరి ముఖాలే తీస్తూ కూర్చోకండి. మడ వేర్లు, బురద, దిగుతున్న నీరు, వెనక వల వేస్తున్న మనిషి, వీటి మధ్య చిన్నగా నీటికుక్క ఉన్న ఫొటో గోదావరిదని చూడగానే తెలుస్తుంది. ముఖం మాత్రమే ఉన్న ఫొటో ఏ దేశపు జూలోదైనా కావచ్చు. ఫోను మాత్రమే ఉన్నవాళ్లకు ఇదే మార్గం, దగ్గరికి వెళ్లాలన్న ఆశ మానుకుని ఆ చోటును తీయండి, జంతువును 8×42 బైనాక్యులర్‌తో చూడండి.

పడవలో లెన్స్ మార్చొద్దు. ఉప్పు తుంపర కనబడదు గానీ లోపల పని చేస్తుంటుంది. ఇంటికి రాగానే మంచినీటితో కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో కెమెరా పైభాగం తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో పెట్టండి.

8. బావురుపిల్లి సంగతి వేరు

దీని కోసం ప్లాన్ వేసుకుని వెళితే నిరాశే ఎక్కువ. ఇది రాత్రి తిరుగుతుంది, ఒంటరిగా తిరుగుతుంది, మడ అడవిలోనే కాకుండా చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీదా, జమ్ము దుబ్బుల్లోనూ ఉంటుంది. రాత్రిపూట అభయారణ్యంలోకి వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. మీకున్న అవకాశం మునిమాపు వేళ, తెల్లారీ తెల్లారని వేళ. చెరువు యజమానిని అడిగి, గట్టుకు దూరంగా కారు ఆపి, లైట్లు ఆర్పి, అద్దం దించి లోపలే కూర్చోవాలి. దిగితే పని అయిపోయినట్టే.

టార్చి కంట్లో కొట్టకూడదు. చీకటికి అలవాటు పడ్డ కళ్లకు బలమైన లైటు తగిలితే కాసేపు దానికి ఏమీ కనబడదు. ఆ గట్టు మీద కుక్కలు, పక్కన రోడ్డు మీద లారీలు ఉంటాయి. వెలుతురు చాలకపోతే ఫొటో మానేసి చూడండి.

రాత్రిపూట ఫొటోకు సరైన పద్ధతి దానంతట అదే పనిచేసే కెమెరా ట్రాప్. అభయారణ్యంలో అది అటవీ శాఖ, వాళ్ల అనుమతి ఉన్న పరిశోధకులు పెట్టేది, మనం సొంతంగా చెట్టుకు కట్టేది కాదు.

దుబ్బుల్లో, చెరకు తోటలో పిల్లి కూనలు దొరికాయని ఎవరైనా చెబితే వాటిని ముట్టుకోనివ్వకండి, ఫొటో కోసం చేతిలో పట్టుకోనివ్వకండి. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది, తిరిగి వస్తుంది. జనాన్ని పక్కకు తప్పించి, కుక్కలను కట్టేయించి, అటవీ శాఖ వాళ్లకు ఫోను చేయడం ఒక్కటే మన పని. బావురుపిల్లి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, అంటే పులితో సమానమైన రక్షణ. కూనను ఇంటికి తెచ్చుకుంటే జాలితో తెచ్చామన్న మాట చెల్లదు.

9. హోప్ ఐలాండ్, తాబేళ్లు, పక్షులు

కాకినాడ అఖాతానికి సముద్రం వైపు అడ్డుగా ఉన్న ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఆ ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కొక్కటి వందకు పైగా. ఇసుక మీద లైటు కొడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరగొచ్చు, పిల్లలు సముద్రం ఎటో తెలియక లైటు వైపు పాకుతాయి. అక్కడికి అటవీ శాఖ వాళ్లతోనే వెళ్లాలి, ఫోను లైటు కూడా జేబులోనే ఉండాలి.

వలస పక్షుల విషయంలో నీటికుక్కల లెక్క తిరగబడుతుంది. పాటులో అవి బురదంతా పరుచుకుని మేస్తాయి, పోటులో మిగిలిన కాస్త ఇసుక మీద గుంపుగా చేరి విశ్రాంతి తీసుకుంటాయి. ఆ గుంపును లేపి ఎగిరేటప్పుడు ఫొటో తీయడం మనవాళ్లకు భలే సరదా. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి, తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటున్న పక్షి అది. రోజుకు నాలుగు పడవలు నాలుగుసార్లు లేపితే తిన్నది ఎగరడానికే సరిపోతుంది.

10. ఇంటికొచ్చాక

ఫొటో పెట్టే ముందు ఫోనులో లొకేషన్ గుర్తు తీసేయండి. కోరింగ అని రాస్తే చాలు, ఏ పాయ, ఏ గట్టు, ఏ చెరువు అన్నది రాయొద్దు. బొరియ చోటు స్నేహితులకు కూడా చెప్పొద్దు. చూసిన జీవులను నమోదు చేసే ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్‌లో పెడితే ముప్పున్న జాతుల కచ్చితమైన చోటును అదే మరుగుపరుస్తుంది, కాబట్టి అక్కడ పెట్టడం మంచిదే. పరిశోధన చేసేవాళ్లకు అది పనికొస్తుంది.

నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోండి: తారీఖు, తిథి, నీరు అడుగంటిన వేళ, ఎన్ని కనబడ్డాయి, ఏం చేస్తున్నాయి, మీవల్ల బెదిరాయా లేదా. చివరి గడిలో 'బెదిరాయి' అని రెండుసార్లు వరసగా పడితే ఆ చోటు ఈ సీజన్‌కి వదిలేయాలి. మంచి ఫొటో ఒకటి ప్రింటు తీయించి సరంగుకు ఇవ్వండి. మర్నాడు వచ్చినవాళ్లు "దగ్గరికి పోనీ" అన్నప్పుడు, దూరం నుంచి కూడా ఇంత బాగా పడుతుందని చూపించడానికి ఆయన చేతిలో ఒకటి ఉండాలి కదా.